దక్షిణానికి మూతి

హలో… ఆ, నేనే. ఓబుళేశు… మీ బావనేనప్పా. వేరే ఓబుళేశు యాడుండాడు నీకు?

… లేదు, ఎవరూ పోలేదు. నేను ఫోన్ చేస్తే చావు కబురేనా?… సరే, అట్లే అనుకో తిమ్మన్నా. జనరేటర్ చచ్చిపోతాండాది.

… బస్సులోది. మా తనూజ కొనింది గదా, టూరిస్టులకు అద్దెకిచ్చేది. లోపల పడక, పొయ్యి, ఏసీ… ఆ, నేనే నడుపుతాండా. నవ్వుకో.

… నీ నెంబరా? నా ఫోన్లో ఎప్పుడో తీసేసినా. జనరేటర్ మూత ఎత్తితే నీ అంగడి స్టిక్కరే కనపడె. నాకు చెప్పకుండా నీతోనే సర్వీసు చేయించిండాది నా కూతురు. మేనమామా మేనకోడలూ, ఇద్దరూ ఇద్దరే…

గండికోటలో. బస్సు అద్దెకు తీసుకున్న పార్టీ కోట చూసేకి పోయినారు, చంటిబిడ్డతో. ఎండలో తిరిగొచ్చేసరికి బస్సు పెనం మాదిరి ఉంటే తనూజకు ఫోన్ కొడతారు. వేరే డ్రైవర్ను పెడతా, నువ్వు ఇంట్లో కూర్చో నాయనా అని ముందే అనిండాది… కూర్చునేకేమి, కుర్చీ ఉండాది. ఆ ఇంట్లోనే ఉండలేను.

… చెప్పు, ఏం చూడాల?

స్టార్ట్ అయితాది. నిమిషం ఆడి నిలబడిపోతాది… డీజిల్ సగానికి పైనే. పావు ట్యాంకుకు దిగితే జనరేటర్‌కు అందదని తెలుసులే. తెలియక ఒకసారి నడిరోడ్డులో ఏసీ లేకుండా అగచాట్లు పడింటి. ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తాండా చూడు, నా ఖర్మ.

ఎయిర్ ఫిల్టరా… ఉండు… దుమ్ము కాదప్పా ఇది, కొర్రలు చల్లితే మొలుస్తాయి… ఆ, దులిపినా.

… ఏసీ ఆపి స్టార్ట్ చేయాల్నా? ఇంతసేపూ ఏసీ ఏసే తిప్పుతాంటి. ఎద్దు లేవకముందే కాడి పెట్టినట్టు… ఆపినా… ఆడతాండాది… ఆడతాండాది… పోయె.

ఆయిలా? కొలత పుల్ల తీసి చూస్తి, నిండా ఉండాది. అంత తెలియనోన్నా నేను?

… సమానంగానా? ఏంది, బస్సా?… లేదు. ముందు చక్రాలు బండ మీదికి ఎక్కించినా… ఊరికే… ఎందుకో నీకెందుకప్పా?… సమానంగా ఉండే జాగాలో నిలబెడితే బస్సు మూతి దక్షిణానికి వచ్చె. అందుకని తూర్పుకు తిప్పినా.

… ఆ. యముని దిక్కని. నవ్వు, బాగా నవ్వు. ఇంటికి వాకిలి తూర్పుకే పెట్టించినోన్ని. వాడు రావాల్సిన దినం వాస్తు అడక్కుండా వచ్చి మీ అక్కను తీసకపాయె. నేనింగా డీజిల్ కాల్చి బస్సును తిప్పుతాండా. ఇంత తెలివైనోన్ని వాడు ఎందుకు ఇడిసిపెట్టినాడో.

… అయితే ఆయిలంతా ఒక పక్కకు జారిండాదా… పుల్ల దిగువన, ఆయిల్ లేకుంటే ఆపేసే సెన్సరు ఎగువన… అర్థమాయె. మా చేను మాదిరే. దిగువన మడుగు, ఎగువన నెర్రెలు.

దించుతాండా. ఫోన్ పెట్టొద్దు. పెట్టినావంటే మళ్ళ ఎత్తవు… నేనైతే ఎత్తను.

… దిగె. మూతి దక్షిణానికే ఉండాది. యముడు చూస్తే చూడనీ.

… స్టార్ట్ అయ్యె… నిమిషం దాటె… ఎయ్యనులే ఏసీ, వేడెక్కనీ… ఇప్పుడు ఏస్తాండా… పట్టుకునె! తిమ్మన్నా, గాలి సల్లగా వస్తాండాదిరా!

… ఏమి? గట్టిగా చెప్పు, ఈ మోతలో ఇనపడలేదు… ఒంటిమిట్టలో ఏమి?

… ఆ. రాములోరి కల్యాణం పందిట్లో జనరేటర్ ఇడిసి రాలేకపోతివి. తెలుసు. మీ అక్క పాడెను ఊరోళ్ళు మోసినారు. లైట్లు ఆరిపోతాయి బావా, అంటివి ఫోన్లో.

… ఏమంటాండావు?… లేదు, ఇనపడలేదు… ఆపను. ఆపితే మళ్ళ అంటుకుంటాదో లేదో… దూరంగా పోయి ఇనేకి నాకేం పని?

… ఇనపడలేదంటి గదా! నెలాఖరుకు మీ అక్క సంవత్సరీకం. ఆ మాట ఇంటికొచ్చి చెప్పు… మన్నించేది లేదు, ముందే చెప్తాండా. అన్నం పెడతా, అంతే… వండేది నేనే. అది తింటే చాలు, నీకు ఆ శిక్ష సరిపోతాది.

… పార్టీ వస్తాండారు. పెట్టేయ్… నువ్వే పెట్టప్పా ముందు… సరే, నేనే పెడతా.