నలభై ఒకటో జోడీ

రాదోయ్కా వదినా, రేడియో కర్మాగారం నాటి సహోద్యోగులారా, నీష్ నగర పాత రేడియోల సంఘం సభ్యులారా, మొదటి వరుసలో కూర్చున్న సంఘాధ్యక్షులు వుకాషిన్ గారూ,

ఇంత వానలోనూ ఇంతమంది వచ్చారు. మన బుదిమిర్ అన్నకి గుంపులంటే పడదు. అయినా ఈ ఒక్కసారికి ఏమీ అనడులెండి. గురువారం ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాం. ఇవాళ ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకుని, లేచి నిలబడి, మౌనం పాటించి వెళ్ళాలి. మైకు నేనే వద్దన్నాను. ఎందుకో చివర్లో చెబుతాను. వెనకవాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి. ఈ హాలులో చెయ్యెత్తడం మీకు అలవాటే కదా.

నేను మిలుంకాని. ముప్పై ఏళ్ళు ఆయన పక్క బల్ల మీద ట్రాన్స్‌ఫార్మర్లకి తీగ చుట్టినదాన్ని. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడతాను. బతికున్నవాళ్ళ గురించి అలాంటి నియమం ఏదీ లేదు.

కర్మాగారం మూతపడ్డాక మనలో కొందరు మిరపకాయలు అమ్మారు, కొందరు టాక్సీ నడిపారు. బుదిమిర్ అన్న ఏం చేశాడు? పెళ్ళిళ్ళు చేశాడు. ఒకరింట్లో పాత ప్రీయాంప్ ఉంటుంది, రికార్డు మీద పుట్టే సన్నటి పాటని సరిదిద్దే పెట్టె. ఇంకొకరింట్లో పాత యాంప్లిఫయర్ ఉంటుంది, ఆ పాటకి బలమిచ్చి స్పీకర్లకి పంపే పెట్టె. రెండూ విడివిడిగా బంగారాలే. కలిపితే కాపురం చేస్తాయా లేదా అన్నది ఆయన తేల్చేవాడు.

నాకూ తేల్చాడు. మా నాన్న వదిలివెళ్ళిన ప్రీయాంప్, సంతలో దొరికిన యాంప్లిఫయర్, రెండూ పట్టుకుని వెళ్ళాను. నాలుగు రోజులు విన్నాడు. "మిలుంకా, ఇది అరుస్తుంది, అది అంతకంటే గట్టిగా అరుస్తుంది. గుండీ వెంట్రుకవాసి తిప్పితే పక్కింటి గోడ అదురుతుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నోరున్నవాళ్ళయితే ఆ ఇంట్లో ఎవరుంటారే? వద్దు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. మూడో నెలలో మా నాలుగో అంతస్తుకి మెట్లెక్కి వచ్చాడు, చంకలో పన్నెండు కిలోల యాంప్లిఫయర్. తన ఇంట్లో తను వింటున్నది. "మీ నాన్న పెట్టెకి ఈడూ జోడూ ఇదే. నాది నేను వెతుక్కుంటాలే," అన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలు ఆయన ఇంట్లో పాట లేదు. కాదంటావా వదినా?

అలాంటి మనిషిని మనం ఏం చేశాం?

ఆయన అలవాటు మీ అందరికీ తెలుసు. మన దగ్గర పెళ్ళికి సాక్షిగా నిలబడినవాడు ఆ జంటకి జీవితాంతం బాధ్యుడు. బుదిమిర్ అన్న తాను కలిపిన ప్రతి జోడీకీ సాక్షినన్నాడు. రెండు పెట్టెల మూతల లోపలా పెన్సిలుతో ఒకే అంకె వేసి, కింద సంతకం పెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు, అలా నలభై ఒకటి దాకా. బయటికి కనబడదు. మూత తెరిచినవాడికే కనబడుతుంది.

ఆ నలభై ఒకటో జోడీని మన సంఘం కోసం కట్టి ఇచ్చాడు. రెండేళ్ళ కిందట నవంబరులో ఇదే హాలులో, అందరం వినడానికి కూర్చున్న సాయంత్రం ఏం జరిగిందో గుర్తుందా? మొదటి పాట సగంలో సంఘం స్పీకర్లు రెండూ పొగలు కక్కాయి. అధ్యక్షులవారు లేచి, "ముసలాడి చెయ్యి పోయిందయ్యా, ఇకమీద వీడూ, వీడి పెట్టెలూ మన గడప తొక్కకూడదు," అన్నారు. ఓటు పెట్టారు. ముప్పై మూడు చేతులు లేచాయి. నా చెయ్యి ఒళ్ళోనే ఉంది. నోరు కూడా ఒళ్ళోనే పెట్టుకున్నాను. అందుకు నన్ను నేను క్షమించుకోలేదు, మిమ్మల్ని క్షమించే ఉద్దేశమూ లేదు.

బుదిమిర్ అన్న ఒక్కటే అన్నాడు: "మూత తెరవండి." ఎవరు తెరిచారు? యాంప్లిఫయర్‌ని బండిలో పడేసి ఆయన గుమ్మం ముందు దించి వచ్చారు. మేమైనా తెరుద్దామంటే ఒప్పుకునేవాడు కాదు. "నన్ను తీసేసినవాళ్ళే తెరవాలి," అని కుర్చీలో కూర్చునేవాడు. రెండేళ్ళు అలాగే ఎదురుచూశాడు. డాక్టరు గుండె అని రాశాడు. నేను డాక్టర్ని కాను, కాబట్టి నిజం చెప్పగలను. సిగ్గుతో పోయాడు, తనది కాని సిగ్గుతో.

ఇప్పుడు మూడో వరుసలో నీలం కోటు వేసుకున్న పెద్దమనిషిని చూడండి. లెస్కోవాత్స్ ఊళ్ళో పళ్ళ డాక్టరు, స్రేతెన్ గారు. పేపర్లో బుదిమిర్ అన్న ఫోటో, పేరు చూసి శుక్రవారం వదినకి ఫోన్ చేశారు. "అమ్మా, నా ప్రీయాంప్ మూతలో ఈ పేరే ఉంది, నలభై ఒకటి అని అంకె ఉంది. దీని జోడు మీ దగ్గరుందా?" అని అడిగారు. ఎక్కడ కొన్నారని వదిన అడిగింది. వుకాషిన్ గారి పాత రేడియోల కొట్లో, ఆ నవంబరుకి నెల ముందు.

అర్థమైందా? అధ్యక్షులవారే సంఘం జోడీని విడగొట్టి, ఒకదాన్ని అమ్ముకుని, దాని చోట తన కొట్లోని వెండి రంగు ప్రీయాంప్ పెట్టారు. ముఖం బాగుందని. ఆ సాయంత్రం ఆ వెండి ముఖాన్ని మనమంతా చూశాం, జోడీలోదే అనుకున్నాం. ఆ ప్రీయాంప్ చివర ఉండే కెపాసిటర్, పాటని పోనిచ్చి ఊరికే పారే కరెంటుని ఆపే కాపలాదారు, నలభై ఏళ్ళుగా ఎవరూ మార్చనిది. అది కారింది. బుదిమిర్ అన్న యాంప్లిఫయర్ ఏది వస్తే దాన్ని పెంచి పంపే రకం. పంపింది. స్పీకర్లు కాలాయి.

తెలియక చేశారేమో అని నేనూ అనుకున్నాను. శనివారం స్రేతెన్ గారు తన పెట్టె తెస్తే రెండు మూతలూ తెరిచాం. యాంప్లిఫయర్ మూతలో ఇలా ఉంది: "41. దీన్ని ఇంకొకదాని పక్కన కూర్చోబెట్టకండి, దీని గుమ్మానికి కాపలా లేదు. సాక్షి బుదిమిర్." ప్రీయాంప్ మూతలోనూ జోడీని విడదీయొద్దనే రాశాడు. అంకె ఉంది, సంతకం ఉంది. మధ్య వాక్యాన్ని మాత్రం ఎవరో రబ్బరుతో చెరిపారు. పెన్సిలు నొక్కి రాసేవాడు ఆయన. దీపం ఏటవాలుగా పెడితే ప్రతి అక్షరం కనబడుతుంది. చెరిపినవాడు చదివే చెరిపాడు కదా వుకాషిన్ గారూ?

వీధి స్తంభాలకి మీరు అంటించిన సంతాప పత్రంలో "మాజీ సభ్యుడు" అని ఉంది. ఈ బల్ల మీద కొత్త పత్రం పెట్టాను. అందులో "మాజీ" లేదు. స్పీకర్లు ఎవరివల్ల కాలాయో మాత్రం ఉంది. పక్కనే కలం ఉంది. మీ సంతకం పడేదాకా, పోయినవాళ్ళ పేరున పంచాలని వదిన వండిన తీపి గోధుమలు ఎవరికీ పెట్టం. అందరూ ఆకలిగానే ఉన్నారు, మీ వైపే చూస్తుంటారు.

ఇక మైకు సంగతి. సభలో పాట పెట్టడానికని అధ్యక్షులవారు తమ సొంత స్పీకర్లు పంపారు, ఊళ్ళో ఎవర్నీ ముట్టుకోనివ్వనివి. ఇవిగో, ఫోటోకి అటూ ఇటూ ఉన్నాయి. వాటిని ఈ గుడ్డ కింద దేనికి తగిలించామో ఆయన చూడలేదు. గుడ్డ తీసి చూసే అలవాటు లేదు పాపం. నేనే తీస్తాను.

ఇదిగో నలభై ఒకటో జోడీ. మీరు రాకముందు నుంచీ వెలుగుతోంది. గుండీ చివరిదాకా తిప్పి ఉంది. గంటసేపటిగా మీకు ఏమైనా గుర్రుమని వినబడిందా? పొగ వాసన వచ్చిందా? మైకు ఉంటే ఆ హోరులో ఈ సంగతి తేలేది కాదు. వుకాషిన్ గారూ, ఆయన పని మీద అనుమానముంటే ఇప్పుడే లేచి ఆ తీగ పీకండి. ఎవరూ ఆపరు.

పీకరా? అయితే లేచి నిలబడండి. అందరూ లేవండి. ముప్పై మూడు చేతులూ కిందికి దించి, ఒక్క నిమిషం ఆ స్పీకర్లకేసి చెవి పెట్టండి. మీకు ఏమీ వినబడదు. అది బుదిమిర్ అన్న పని.