బండి ఱ అయ్యాక

“‘కమిటీ వారికి దండాలు. నా రాతలో తప్పులుంటే మన్నించండి. నా రాత నిదానం, ఈ ఒక్క కాగితానికి నాలుగు రోజులు పట్టింది...’ ఏటిది శేషమ్మా? ఎవరిచేత రాయించావు?”

భవానీపూర్‌లో ఒక తెలుగు బడి, ఒకటో తరగతి గది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. డిజిటల్ బోర్డు పక్కన త్యాగరాజు మేష్టారు. ఆయన ఎదురుగా, నిరుడు ఆ బడిలో ఆయా పని పోగొట్టుకున్న శేషమ్మ.

“నానే రాసినాను మేష్టారూ. ఆగిపోకండి, సదవండి.”

“నువ్వా? వేలిముద్ర మనిషివి! ముందు ఆ బోర్డుకి దూరంగా నించో. కొత్తది.”

“నించున్నాను. నిరుటిదాకా వేలిముద్రే. తరవాత మీ దగ్గిర నేర్సుకున్నాను.”

“నా దగ్గరా? ఎప్పుడు?”

“మీరు ఫోనుతో తీసి పెట్టిన అక్షరాల పాఠం. అందరూ మెచ్చుకున్నారే, అదే.”

“అదా! చూశావా మరి, టెక్నాలజీ అంటే! బడికి రాని వాళ్ళ ఇంటికి బడే వెళ్తుంది. రేపు సభలో చెప్తానీ మాట. కమిటీ ప్రెసిడెంటు జ్ఞానప్రసూన గారు రేపు నాకు శాలువా కప్పుతున్నారు, తెలుసా? డిజిటల్ బోధనకి.”

“తెలుసు. అందుకే ఇయ్యాల వచ్చినాను. సదవండి.”

“‘నిరుడు దుర్గాపూజ సెలవుల ముందు, పాత డిజిటల్ బోర్డును ఇనుప పీచుతో రుద్ది పాడు చేసింది నేను కాదు...’ మళ్ళీ అదేనా! ఒప్పుకుంటూ నువ్వే వేలిముద్ర వేశావు కదా.”

“పూజకి సీర ముట్టినట్టు కాయితం అన్నారు మీరు. సదివి ఇనిపించండి బాబూ అన్నాను. ‘నీకు చదివితే ఏటి, చదవకపోతే ఏటి’ అన్నారు.”

“అన్నానేమో... పనిలో ఉండి ఉంటాను. సరేలే, పాతవి తవ్వకు. మళ్ళీ పనిలో పెట్టుకోమని నేను చెప్తాను. ఇప్పుడెక్కడ ఉంటున్నావు? మెటియాబ్రుజ్ బస్తీలోనేనా?”

“నేదు. బోర్డు తగలేసిన ముసిల్దని పేరొచ్చినాక అక్కడ నన్ను పనికి పిలిసినోళ్ళు నేరు. ఒకరింట్లో వంటకి కుదిరి, అక్కడే ఉంటన్నాను. ఆ అమ్మగారే పెద్ద టీవీలో మీ పాఠం పెట్టినారు.”

“మంచావిడ.”

“మంచావిడే. ఆ పాఠం ఎంతసేపుంటాది మేష్టారూ?”

“పద్దెనిమిది నిమిషాలు.”

“ఇరవై మూడు.”

“ఏటీ?”

“తెలివైన పిల్లలు ‘హ’ రాగానే ఆపేస్తారు. మీరూ మళ్ళీ సూసుకోనేదు. నాను మొద్దుదాన్ని. ఒక్కో అక్షరం కాడ ఆపి, దిద్దుకుని, మళ్ళీ ఆపి... బండి ఱ దాకా ఎల్లేసరికి ఏడు నెలలు. ఱ అయ్యాక మీరు ఫోను ఆపడం మర్సిపోయినారు.”

“అది... అది వేరే రోజు...”

“ఏ పాఠానికైనా ముందు తేదీ వేస్తారు కదా మీరు. బోర్డు మీద మీ సేత్తోనే ఉంది. నా వేలిముద్రకి రెండ్రోజుల ముందు.”

“శేషమ్మా...”

“వేలితో రాస్తే ఫోనులో కనపడదని నల్ల మార్కరుతో రాసినారు. అది సెరగనేదు. గుడ్డ మీద థిన్నరు పోసి రుద్దినారు. బోర్డు మీద పొరంతా లేసిపోయింది. మీరు తల కొట్టుకున్నారు. అయిదు నిమిషాలుంది.”

“అదంతా ఎవడు చూస్తాడు!”

“నాను సూసినాను. నా పక్కన అమ్మగారూ సూసినారు.”

“ఏ అమ్మగారు? వంటింటి కబుర్లు ఎవరికి కావాలి? ఉండు... ఫోనేదీ... ఇదిగో. తీసేశాను! ఎక్కడా లేదిప్పుడు. పో, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. జ్ఞానప్రసూన గారు నా మాట నమ్ముతారా, ఒక ఆయా మాటా?”

“మొత్తం తీసేసినారా?”

“మొత్తం.”

“అయ్యో. పిల్లలకి మంచి పాఠం అది. పోన్లెండి. కాయితంలో ఆఖరు వరస ఉండిపోయింది.”

“చింపేస్తాను.”

“సింపండి. సదివి సింపండి. ఆ రోజు నాకోసం ఒక్క ముక్క సదవనేదు మీరు. ఈ వరస సదివితే నా దారిన నాను పోతాను. అక్షరాలు మీయే కదా, గుండ్రంగా ఉన్నాయో నేదో సూడండి.”

“నీ పీడ విరగడవుతుందంటే... ‘ఇట్లు, బెవర శేషమ్మ. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉంటున్నది న్యూ టౌన్‌లో, మన కమిటీ ప్రెసిడెంటు జ్ఞానప్రసూన గారి ఇంట్లో.’”