మిరపకాయ మీద వేసిన నింద

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన డాక్టర్ రాజ్యం గారికి, మా కొట్టు యజమానులకు, బస్తాలు దించి చెమటైనా తుడుచుకోకుండా వచ్చి కూర్చున్న ముఠా సోదరులకు నమస్కారాలు, సలాములు. ముప్పై నాలుగేళ్లు మిరపకాయ విరిచి, రంగు చూసి, రకం చెప్పి బతికిన ఈ మొహిద్దీన్ బాషా వయసు మీదపడి పని మానుకుంటున్నాడని మీరంతా అనుకుంటున్నారు. అసలు కారణం నా ఎడమ కన్నండీ.

మన దగ్గర కన్ను మండినా, నీరు కారినా, మసకేసినా కాయ ఘాటే అంటాం, ధనియాల నీళ్లతో కడుక్కుని మళ్లీ రాశి ముందు కూర్చుంటాం. నేనూ అంతే చేశాను. మాకు కాయ తెచ్చే రైతు, నా చిన్ననాటి నేస్తం పిచ్చయ్య ఎడమ పక్కన నిలబడి చెయ్యూపితే నేను పలకలేదట. ‘బాషాకి కళ్లు నెత్తికెక్కాయిరా’ అని ఊరంతా చాటి, రెండు నెలలు మాట్లాడటం మానేశాడు. (నవ్వులు)

మా ఇంటావిడ జానీబీ మాత్రం, ఎడమవైపు పెట్టిన నీళ్ల చెంబును నేను మూడోసారి తన్నేసరికి, ‘ఘాటైతే రెండు కళ్లకీ తగలాలి గదా, ఒక పక్కే కనపడకపోవడమేందండీ?’ అని ఈ డాక్టర్ రాజ్యం గారి దగ్గరికే లాక్కెళ్లింది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం కలిపి కాస్తే ఇటుక రంగుకు తిరిగింది, ఒంట్లో చక్కెర ఉన్నట్టే. ఎరుపు చూసి నేను భయపడటం అదే మొదలు. (నవ్వులు) తర్వాత కంటి ఒత్తిడి చూశారు. ‘చక్కెర జబ్బున్న పెద్దవాళ్లకు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే నీటికాసుల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ బాషా గారూ. చాలామందికి నొప్పి కూడా తెలియదు, పక్కనుంచి చూపు తగ్గుతుంది. పోయింది తేలేను, ఉన్నది కాపాడటానికి చూస్తాను’ అన్నారు. చుక్కల మందుతో, జొన్నన్నంతో నా కుడి కన్ను ఇంకా మిమ్మల్ని చూస్తోంది.

మా నాయన కూడా ఈ కొట్టులోనే చూపు పోగొట్టుకున్నాడు. చెంబులకు చెంబులు నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. మిరప ఘాటే కళ్లను తినేసిందన్నాం. పదకొండేళ్లు చెయ్యి పట్టుకు నడిపించాను గానీ, ఒక్కరోజు డాక్టరుకు చూపించలేదు. నామీద నాకే కోపం.

ఒరేయ్ పిచ్చయ్యా, నీకు చక్కెర తేలి నాలుగేళ్లయింది. కళ్లు మసకేస్తున్నాయని, ఈసారి కాయ ఘాటెక్కువని నిన్ననే అన్నావు. రేపు ఎనిమిదింటికి ఆస్పత్రి దగ్గరుంటాను. నీ కాయ రకం నేను చెబితే ఏనాడూ ఎదురు చెప్పలేదు, ఈ ఒక్క మాటా ఒప్పుకో.

(పిచ్చయ్య లేచి: ‘వస్తాలేరా, ముందు నువ్వు దిగు!’ నవ్వులు)

విన్నారుగా, అందరూ సాక్షులే. మా నాయనకు చెయ్యలేనిది వీడికైనా చేస్తున్నాను. శాలువా కప్పిన చేతులన్నిటికీ నా కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.