బుచ్చయ్య ఎక్కిండు

కోస్గి అంగడి మైదానంలో సర్కారు సినిమా వ్యాను ఆగి ఉంది. తెర కట్టారు గాని, చీకటి పడందే బొమ్మ కనపడదు కనుక పొద్దు ఎప్పుడు గుంకుతుందా అని ఊరంతా ఆకాశం వంక చూస్తోంది. వ్యాను నీడలో రీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు ఆ బొమ్మ తీసిన కుర్ర డైరెక్టరు వెంకటరాజం. ఎదుట గోవిందమ్మ. ఆ బొమ్మలో బావిలోకి దిగే బుచ్చయ్య ఆమె మొగుడు.

"ఇగ ఆ బొమ్మ ఆడిచ్చుడు బందు చేస్తవా, చెయ్యవా? ఒక్క మాట చెప్పు సారు."

"చెప్తున్న చెల్లె. జర కూసో."

"కూసుండి ఏం చెయ్యాలె? ఆయన ఊరూర దిగుతాండు, ఊరూర ఎక్కుతాండు. మా అత్త వ్యాను ఎంబడి పోతాంది. ఆమె ఎంబడి నేను పోతున్న. మద్దూరుల చూసె, దౌల్తాబాదుల చూసె. కొల్లాపురం దాక పోతనంటే కాళ్లు పట్టుకొని ఆపిన."

"చూసి ఏమంటది?"

"ఏమంటది. పక్కన కూసున్నోళ్లను పట్టుకొని, నా కొడుకు ఎక్కిండు, చూసినవా, చూసినవా అని అడుగుతది. చూసిన అవ్వా అంటరు. నీ పేరేంది, ఎవల బిడ్డవు అని అడుగుతది. పిచ్చి లేసిందని నవ్వుతరు సారు. నాకు తలకాయ ఎత్త బుద్ధి కాదు."

"నేను ఆనాడే చెప్పిన గదా. ఒడ్డు కూలినప్పుడు బుచ్చయ్య బాయి లోపలనే ఉన్నడని. నేనూ, వ్యాను తోలే పర్వతాలూ, ఇద్దరం కండ్లార చూసినం. మిగిలిన కూలోళ్లంత అవతల సద్ది తింటున్నరు."

"నోటితోని చెప్పినవ్. తెర మీద ఇంకోటి చూపెట్టినవ్."

"అది..."

"వారం దినాలు తోడిరి. తోడినకొద్ది ఊట, బురద. మనిషి దొరకలే. ఆఖరుకు బాయి పూడ్చిండ్రు. ఆ ఎనుక నీ బొమ్మ వచ్చె. దిగిండు, ఎక్కిండు, నవ్విండు. ఇగ సగం ఊరు ఏమంటది? ఎక్కి, చెప్పకుంట బొంబాయి పోయిండు అంటది. మావోళ్లు పోతనే ఉంటరు గదా బొంబాయికి."

"పోలే చెల్లె. బుచ్చయ్య యాడికీ పోలే."

"మరి ఎట్ల ఎక్కిండు సారు? దిగుడు ముందు, ఎక్కుడు ఎనుక. మేము చూస్తనే ఉన్నం గదా."

"తీసుడు వేరు, అతుకుడు వేరు. పొద్దుగాల ఎండ మంచిగుండె. అప్పుడు ఎక్కుతుంటే తీసిన. పగటీలి సద్ది తిని అందరికన్న ముందు దిగిండు. అదీ తీసిన. జరసేపటికి ఒడ్డు కూలింది. పట్నం పోయినంక కత్తెరతోని కోసి, దిగింది ముందు పెట్టిన, ఎక్కింది ఎనుక పెట్టిన."

"ఎందుకు పెట్టినవ్?"

"బాయి తవ్వుకోండ్రి అని చెప్పే బొమ్మ. దిగినోడు ఎక్కకపోతే ఎవరు తవ్వుతరు?"

"గంతేనా?"

"మా ఆఫీసు దొర గూడ గట్లనే పెట్టుమన్నడు."

"గంతేనా సారు?"

"గంతే. నీ తాన నీళ్లున్నయా?"

"ఉన్నయి, తాగు. ఇదివరకు గూడ గిట్లాంటి బొమ్మలు తీసినవా?"

"ఒకటి తీసిన. మొదటి బొమ్మ మా రామన్నపేట మగ్గాల మీద తీసిన. మా బాపు నేస్తుంటే తీసిన. పది నిమిషాల బొమ్మ. బాపు తెర మీద చూసుకొని, నా చేతులు గింత జల్ది ఆడుతయారా అని నవ్విండు. నాకు అదే పెద్ద ఇనాము అనిపిచ్చింది. ఇదేమో రెండోది. మూడోది చెరువుల మీద తియ్యిమంటున్నరు. కేమెరకు గడియారం లెక్క చావి ఇచ్చి పట్టుకుంట. ఎవరన్న నీళ్లల్లకు దిగుతాంటే వద్దు, ఆగు అని ఒర్లుతున్న. కూలోళ్లు నా మొకం చూస్తరు."

"నిద్ర పడతాందా?"

"అతికే మిషిను ఒకటుంటది చెల్లె. రీలు దాని మీద సీదా తిప్పితే బుచ్చయ్య ఎక్కుతడు. ఉల్టా తిప్పితే దిగుతడు. ఒక్కన్నే అర్రల కూసోని తిప్పుకుంట ఉంటి. సీదా తిప్పుతి, ఉల్టా తిప్పుతి. పొద్దు గుంకింది గూడ తెల్వకపోతుండె."

"ఎక్కినంక ఆయన నా దిక్కే చూస్తడు సారు."

"నా కేమెర దిక్కు చూసిండు."

"కాదు. ఈ పక్కకు కూసున్నా నా దిక్కే చూస్తడు, ఆ పక్కకు కూసున్నా నా దిక్కే చూస్తడు. జాగ మార్చి మార్చి చూసిన. ఏదో అడుగుతున్నట్టు చూస్తడు. అందరి ముంగట పలుకరిస్తే మంచిగుండదని ఊకుంటున్న."

"చెల్లె..."

"పోయిండని నాకు ఎరుకనే. చూసినప్పుడు మాత్రం ఉన్నడేమో అనిపిస్తది. మా అన్నలు ఇంకో మనువు చూసిండ్రు. మంచోడంటరు. కాదనను. కని ఈయన ఉన్నడో లేడో తెల్వకుంట ఎట్ల పోను? ఎల్లుండి మా కులపోళ్లు పంచాయితికి కూసుంటున్నరు. ఈ గాజులు ఉంచాల్నా తియ్యాల్నా, అది గూడ నాకు తెల్వదు సారు."

"ఇయ్యాల తెలుస్తది."

"ఎట్ల?"

"ఈ డబ్బల ఉన్నది ఆ రీలే. ఆఫీసుల చెప్పకుంట ఇప్పి మల్ల అతికిన. ఎట్ల జరిగిందో గట్ల. బుచ్చయ్య పొద్దుగాల ఎక్కుతడు. తర్వాత దిగుతడు. గంతే. తెర తెల్లగ అయితది."

"ఇగ పైకి ఎక్కడా?"

"ఎక్కడు."

"ఊరంత చూస్తరా?"

"ఊరంత చూస్తరు. మీ అత్త గూడ చూస్తది."

"అయితే చూపెట్టు. ఏడ్సేదేందో ఒక్కపారే ఏడుస్త. కని మా అత్తకు ముందుగాల నువ్వే చెప్పు సారు. ఒక్కసారే చూస్తే ఆమె పానం ఆగదు. అగో, వస్తాంది."

బుచ్చయ్య తల్లి జానమ్మ ఎప్పటిలాగే అందరికన్నా ముందుగా వచ్చింది.

"గోవిందూ, నువ్వు పోయి తెర ముంగట జాగ పట్టుకో. మల్ల దొరకది."

"సారు నీతోని మాట్లాడాల్నంట అత్తా."

"మాట్లాడతడు తియ్. నువ్వు పో బిడ్డా."

"పోతున్న. సారు, చెప్పు మరి."

"చెప్త చెల్లె. అవ్వా, ఇట్ల కూసో."

"నువ్వేనా నా కొడుకును తెర మీదికి ఎక్కిచ్చింది? బాయి కాడ దూరం కెల్లి చూసి ఎవలో పెద్దోడు అనుకున్న. మీసాలు గూడ సరిగ్గ రాలే."

"నేనే అవ్వా. నీకు ఒక సంగతి చెప్పాలె. నువ్వు గట్టిగుండాలె. బుచ్చయ్య ఎక్కింది పొద్దుగాల..."

"ఊఁ."

"దిగింది పగటీలి. నేను ముందటిది తెచ్చి ఎనుక..."

"అతికినవ్."

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? పగటీలి సద్దికి గటక పట్టుకపోయింది నేనే. రుమాలు చెమటకు నానిందని నెత్తిల కెల్లి తీసి నాకిచ్చిండు. ఉతికి తెమ్మన్నడు. దిగేటప్పుడు నెత్తి బోడిగ ఉన్నది. ఎక్కేటప్పుడు రుమాలున్నది. బాయిల రుమాళ్లు అమ్ముతరా బిడ్డా?"

"అది మేమెవరం చూడలే."

"మీరెందుకు చూస్తరు."

"ఎప్పుడు తెలిసింది?"

"మద్దూరుల. మొదటిపారి చూసిన నాడే."

"తెలిసి గూడ ఇన్ని దినాలు ఎంబడి తిరిగినవా?"

"నేను ఒకటి అడుగుత, ముందు అది చెప్పు. దిగేటప్పుడు వాడు నీ దిక్కు తిరిగి ఏదో అన్నడు. పెదిమెలు ఆడినయి. బొమ్మల మాట ఇనపడది. ఏమన్నడు?"

"ఏమనలే అవ్వా."

"ఏమన్నడు బిడ్డా?"

"ఎక్కేటప్పుడు గూడ తీస్తవా సారు, అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"తీస్తనన్న. చావి ఇచ్చుకొని గడ్డ మీద నిలబడ్డ. ఒడ్డు కూలినంక గూడ కేమెర పట్టుకొని అట్లనే నిలబడి ఉన్ననంట. పర్వతాలు వచ్చి చేతులకెల్లి గుంజుకున్నడు. తీస్తనని చెప్పిన గదా అవ్వా. గందుకే పొద్దుగాలది తెచ్చి ఎనుక పెట్టిన. మా దొర పెట్టుమనలే. గోవిందమ్మకు అబద్ధం చెప్పిన."

"మంచిగ చేసినవ్."

"మంచిగ చెయ్యలే. మిమ్ముల ఊరూర తిప్పిన. ఇయ్యాల సరిగ్గ అతుక్కొచ్చిన. బుచ్చయ్య దిగుతడు, ఇగ ఎక్కడు. నీకు ఈ తిరుగుడు తప్పుతది."

"వద్దు."

"అవ్వా..."

"వద్దంటున్న. నీకు పెండ్లయిందా?"

"కాలే."

"నా మొగడు పోయిన నాడు నేను గోవిందు ఈడుదాన్నే. మా ఆడోళ్లే పట్టుకొని, బండ మీద చెయ్యి పెట్టి గాజులు పలగ్గొట్టిరి. ఆ నాటి నుంచి ఎవల పెండ్లికి పోయినా ఎనుక నిలబెట్టిరి. బుచ్చయ్య పెండ్లిల గూడ అర్రల తలుపు సందుల కెల్లి చూసిన. నా కొడుకు నెత్తి మీద నాలుగు అక్షింతలు ఏసుకోలే బిడ్డా."

"కని గోవిందమ్మకు మల్ల మనువు చూసిండ్రు గదా."

"మొగడు సచ్చిందాన్ని చేసుకుంటే చేసుకుంటడు. ముందుగాల గాజులు పలగ్గొడతరు. ఆ ఇంట్ల ఏం జరిగినా ఇదే మొగున్ని మింగింది అంటరు. మొగడు ఇడిసిపెట్టి పోయినదయితే వేరే. కులపోళ్లు తెగతెంపులు చేస్తరు. గాజులతోనే పంపుతరు. మా కులంల గట్లనే నడుస్తది."

"అయితే నువ్వు ఊరూర పేర్లు అడిగింది..."

"ఎక్కిండని చూసినోళ్ల పేర్లు. కులపోళ్లు అడుగుతే వాళ్లు చెప్తరు. మా కండ్లతోని చూసినం, ఎక్కిండు అంటరు. ఎక్కినోడు ఇంటికి రాలే. అంటే పోయినట్టే గదా. పెండ్లాన్ని ఇడిసి పోయినట్టే గదా."

"కన్నతల్లివి. నీ కొడుకు మీద అంత నింద ఎట్ల ఏస్తవ్ అవ్వా?"

"వాడు గట్లాంటోడు కాదు బిడ్డా. అంగడికి పోతే ఆ పిల్లకు ఏదో ఒకటి తేకుంట ఇంట్లకు రాకపోతుండె. వాని మనసు నాకు ఎరుక. కని వానికి ఇగ ఏ నింద తాకది. ఆ పిల్ల ఇంకా బతకాలె."

"ఆమెకు ఈ సంగతి తెల్వదా?"

"తెలిస్తే ఒప్పుకుంటదా? మొగని మీద నింద ఏసుకొని పోను అంటది."

"ఉన్నడో లేడో తెల్వక సస్తాంది అవ్వా."

"ఎల్లుండి దాటనీ. ఒళ్లె పండబెట్టుకొని నేనే చెప్త. ఇద్దరం కలిసి ఏడుస్తం. ఆడిదాక ఓర్సుకోనీ. నీ సంచిల కత్తెర ఉన్నదా?"

"ఉన్నది."

"అతికే జిగురు?"

"ఉన్నది."

"పొద్దు ఇంకా ఉన్నది. ముందుగాల ఎట్లున్నదో గట్ల అతుకు."

"అతుకుత. ఏం చెయ్యాల్నో నాకు సమజైతలేదు గని, అతుకుత."

"ఎల్లుండి కులపోళ్ల ముంగట గూడ వచ్చి కూసోవాలె నువ్వు."

"నేనెందుకు? చూసినోళ్లు అంతమంది ఉన్నరు గదా."

"వాళ్లు ఎక్కిండు అంటరు, గంతే. తీసినోడివి నువ్వు, నీ మాట ఇంటరు. బుచ్చయ్య ఎక్కిండు, నా పెండ్లాం నాకొద్దన్నడు, పోయిండు అని నువ్వు చెప్పు బిడ్డా. నేను తల్లిని, నా నోట రాదు."