పోశన్న పెట్టిన గడప

ఏం బిడ్డా, దర్వాజ దిక్కే గంత సేపు చూస్తున్నవ్? కొలతలు తియ్య వచ్చినవా, దండం పెట్ట వచ్చినవా? కూసో, కూసో. బాబా, గదే ఈ ఇంటి మాలకు, వచ్చేవరకు అర్ధగంట పడ్తదట, ఇప్పుడే ఫోన్ చేసిండు. ఆ ఎండల నిలవడకు, ఇటు నీడకు రా. లోపట చుట్టాలు కూసునే మజ్లిస్‌కు కొత్త సోఫాలు, గోడలకు చెక్కపని, అన్ని మీ కంపెనోల్లకే ఇస్తున్నరట గద. మంచిగ చెయ్యుండ్రి, ఊకె తళతళ మెరిసుడు గాదు. సుహాసిని అంటివి గదా పేరు? నిర్మల్ దిక్కా? మంచిది. నేను గజేందర్‌ను, మాది కోరుట్ల దిక్కు. ఈ ఇంటోల్ల డ్రైవర్‌ను, ముప్పై ఒకటో ఏడు నడుస్తుంది. ఈ దోహాల ఫోన్ల మ్యాప్ చూడకుంట బండి నడిపేటోడు నేనొక్కన్నే మిగిలిన అనుకో. ఆఁ? ఏందీ, గడపనా? అందుకా నవ్వుతున్నవ్? అవ్ బిడ్డా, గడపనే. ఖతర్ల విల్లాలకు యాడ చూసినా సాఫ్ ఉంటది, మర్మరు రాయి, పాలరాయి అనుకో, లోపటికెల్లి బయటిదాక ఒక్క తీరుగ పోతది. ఈ ఒక్క ఇంటికే మన ఊర్లె లెక్క నాలుగు వేళ్ళ ఎత్తు టేకు గడప. పెట్టినోడు వడ్ల పోశన్న. నువ్వు ఎరుగవు. అప్పుడు నువ్వు బడికి పోతున్నవో లేదో.

పోశన్న అంటె... ఎట్ల చెప్పాలె. పొట్టోడు. మీసాలు మాత్రం మనిషికి మించి ఉండె. పోయి తొమ్మిదేండ్లాయె. ఊర్లెనే పోయిండు, నిద్రల, పక్కన పెండ్లాం నర్సవ్వ ఉండంగ. మంచి సావే, దానికి ఏడ్వ పనిలేదు. తాత ముత్తాతల కాన్నుంచి వడ్ల పని, గదే వడ్రంగం, వాళ్ళది. పద్దెనిమిదేండ్లకే ఊర్లె నాగండ్లు, మంచాలు, దర్వాజలు అన్ని చేసిండట. ఏజెంటేమో కార్పెంటర్ వీసా అన్నడు. ఇగ పోశన్న సంబురం చూడు, ఉలి, బాడిశ, చిత్రిక అన్ని సంచిల కట్టుకోని దిగిండు. దిగితె ఏంది? షట్టరింగ్ కార్పెంటర్! మన దిక్కు సెంట్రింగ్ అంటం చూడు, గది. ప్లైవుడ్ పలకలు డబ్బ తీరుగ కొట్టాలె, అండ్ల సిమెంటు పోస్తరు, గట్టిపడ్డంక పలకలు పీకి అవతల పారేస్తరు. ఇరవై మూడేండ్లు బిడ్డా, గదే పని! శుక్రవారం శుక్రవారం గీడ దోహాలనే ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌ల మనోల్ల రూముల కలుస్తుంటిమి, మటన్ వండుకుంటుంటిమి. ముక్క నోట్ల పెట్టుకోని మొదలువెట్టేటోడు. "గజేందరన్నా, నేను కొట్టిన చెక్క ఒక్కటన్న ఈ దేశంల నిలవడ్డదా? అంతా పీకి పారేసిన్రు. ఒక్క దర్వాజ చెయ్యాలె నేను. ఒక్కటంటె ఒక్కటే. అది నిలవడాలె. గంతే, ఇంటికి పోత." ఈ మాట వినీ వినీ మా చెవులు నొచ్చేటియి. ఒకనాడు నాకు కోపమొచ్చి, "ఒరేయ్, దర్వాజ చెయ్యకపోతె సచ్చిపోతవా?" అన్న. "సావనన్నా. గని బతికినట్టు ఉండది" అన్నడు. వానికి కూర వడ్డించిన.

ఏం చెప్తున్న... ఆఁ, ఈ ఇల్లు. ఈ అల్ హిలాల్‌ల అప్పుడు గిన్ని ఇండ్లు లెవ్వు బిడ్డా, పార్కింగ్ కోసం కొట్లాట లేదు. సరే అది ఇడిసిపెట్టు. బాబా ఈ ఇల్లు కట్టిందే వాళ్ళ అమ్మ కోసం. మేమందరం మామా కబీర అంటుంటిమి, పెద్దమ్మ అన్నట్టు. ఆమె కిందపడి నడుమెముక ఇరిగింది, చక్రాల కుర్చీల కూసుంటుండె. అందుకని ఇంట్ల యాడ కూడ ఒక్క మెట్టు ఉండొద్దన్నడు బాబా. ఇది యాదుంచుకో. ముందటి దర్వాజ మాత్రం మిషిన్ పని వద్దు, చేతితోని చెక్కాలె అన్నడు. కట్టెపని షాపు ఫోర్‌మన్ కమాలుద్దీన్ అని, హైదరాబాదీ. మనిషి బంగారం, నోరే ఆగది. వాని తాన చెక్కేటోడు అప్పుడే సెలవు మీద దేశం పోయిండు. వాడు తల గోక్కుంటుంటె నేను బండ్లకెల్లి మూతి బయటవెట్టి "నా తాన ఒకడున్నడు" అన్న. అవ్, నేనే! ఈ ముచ్చట అంతటికి నేనే కారణం. పోశన్న కంపెనోల్లకు చెప్పి మూడు నెలలకని తెప్పించుకున్నరు.

బర్మా టేకు దిగింది. పోశన్న ముందుగాల ఏం చేసిండనుకున్నవ్? రెండు దినాలు రంపం పట్టలె. ఒక్కొక్క చెక్క చుట్టు తిరుగుడు, తడుముడు, వాసన చూసుడు, మళ్ళ తిరుగుడు. చెట్టు మొదలు ఏ దిక్కు, కొస ఏ దిక్కు అని చూస్తుండట. చెట్టు ఎట్ల నిలవడి పెరిగిందో దర్వాజ కాళ్ళు గట్లనే నిలవడాలె, మొదలు కిందికి, కొస మీదికి. తలకిందులు పెడితె ఇంట్ల మనుషులకు నిమ్మళం ఉండదని మన వడ్లోల్ల పట్టింపు. కమాలుద్దీన్ తల వట్టుకున్నడు. "అరే మియా, లక్డీ హై, దుల్హన్ నై! దేఖ్‌తేచ్ బైఠేగా క్యా?" కట్టె ఇది, పెండ్లిపిల్ల గాదు, చూసుకుంటనే కూసుంటవా అన్నట్టు. పోశన్న మీసం దువ్వుకోని, "దుల్హన్‌ను పుట్టిల్లు యాడ అని అడుగుతం గద భాయ్, దీన్ని అడగొద్దా?" అన్నడు. షాపుల నేపాలోల్లు, బంగ్లా వోల్లు అంత పడీ పడీ నవ్విన్రు. ఆనాటికెల్లి అందరు ఆ టేకును దుల్హన్ అనుడే. ఇగ పని మొదలువెట్టిండు చూడు... గా మీద ఖర్జూర గెలలు చూడు, గింజ గింజ లెక్కవెట్టొచ్చు. ఒక్క మేకు లేదు, చెక్కల చెక్క దిగ్గొట్టుడే. నడుమ అడ్డకమ్మికి చిన్న చిన్న ఆకులున్నయ్ చూడు, మామిడాకులు అవి. ఖతర్ల మామిడాకులు ఎందుకురా అంటె, "ఆకులు యాడైనా ఆకులే" అన్నడు.

ఇగ గడప సంగతి. డ్రాయింగుల గడప లే. రెండు కాళ్ళు, మీద అడ్డం, గంతే. పోశన్నకు డ్రాయింగు చూసుడు రాక గాదు, బ్రహ్మాండంగ వచ్చు. గని కింద గీత లేకపాయె గద, గీసినాయన మర్చిపోయిండనుకున్నడు. దర్వాజ అంటె నాలుగు చెక్కలు. మూడు చెక్కల దర్వాజను మనిషి పుట్టి బుద్ధెరిగి చూడలె. పాపం ఆ గీసినాయనకు ఎందుకు మాట తేవాలె అని, ఎవ్వలకు చెప్పకుంట, కడుపుల దాసుకోని, తానే గడప కలిపిండు! నవ్వకు. మంచితనం గసొంటిది. కమాలుద్దీన్ చూడలేదా అంటవ్. చూసిండు. దర్వాజ మోసేటప్పుడు కాళ్ళు కదలకుంట కింద ఒక అడ్డచెక్క కొడ్తరు గద, నీకు తెలుసు, బిగించినంక పీకేస్తరు. గదే అనుకున్నడు. పైంగ గుడ్డ చుట్టి ఉండె. తెచ్చిన్రు, బిగించిన్రు. రాళ్ళోల్లు వచ్చి మర్మరు రాయి గడపకు ఆనిచ్చి పరిచి పోయిన్రు. ఇగ మామా కబీర ఇంట్లకు వచ్చే దినం పొద్దుగాల కమాలుద్దీన్ గుడ్డ ఇప్పి, "యే లక్డీ నికాల్" అన్నడు. పోశన్న నవ్వుకుంట, "ఇది తీసేది గాదు భాయ్, గడప" అన్నడట.

కమాలుద్దీన్ ముఖం తెల్లవడ్డది. "అరే, బుడ్డీ అమ్మా వీల్‌చైర్ మే ఆతీ! కాట్, అభీ కాట్!" పోశన్నకు అప్పటిదాక కుర్చీ సంగతి ఎవ్వలు చెప్పలె. గడప మీద చెయ్యి వేసి అన్నడట, "కోస్తె కాళ్ళు రెండు ఎడమైతయ్ భాయ్. ఏడాదికి తలుపు పట్టది." కమాలుద్దీనేమో, "కొయ్యకపోతె బాబా మొత్తం దర్వాజనే పీకిస్తడు. అద్దాల తలుపు వెట్టుకుంటడు. నువ్వు మళ్ళ షట్టరింగ్‌కే!" కోసినా పోయె, కొయ్యకున్నా పోయె. ఇరవై మూడేండ్లకు ఒక్క దర్వాజ నిలవడితె, అది గూడ పీకుడే. గా దినం ఆయన కష్టం పగోనికి గూడ రావొద్దు బిడ్డా.

నేనేమో గప్పుడే ఫరీజ్ బిన్ మహమూద్‌ల ఆమె బిడ్డ ఇంటికెల్లి మామా కబీరను తీస్కోని వస్తున్న. గేట్ల తిరగంగనే కమాలుద్దీన్ రెండు చేతులు ఊపుతుండు, ఆపు ఆపు అని. నాకేం సమజైతది? సలాం చేస్తుండనుకోని జోర్‌గ హారన్ కొట్టిన. ఆమెను కుర్చీల కూసోవెట్టి నూక్కుంట వస్తె ఏముంది, పోశన్న గడప మీద మోకాలేసి, రంపం ఆనిచ్చి, గుంజలేక, మీసాలు తడిసేటట్టు ఏడుస్తుండు. కమాలుద్దీన్ పక్కకెల్లి "కాట్! కాట్!" మామా కబీర చెయ్యెత్తింది. "షినూ హాదా?" ఇదేంది అన్నట్టు. ఆమే వంగి చూసింది. చూసి, "అతబా!" అన్నది. అరబీల గడపను అతబా అంటరు. ఎట్లన్నది అనుకున్నవ్, తప్పిపోయిన మనిషి బజార్ల కండ్లవడితె పేరువెట్టి పిలుస్తరు చూడు, గట్ల.

వాళ్ళ నాయిన ముత్యాల పడవ మీద సముద్రానికి పోయేటోడట బిడ్డా. నెలలకు నెలలు. పాత దోహాల వాళ్ళ మట్టి ఇంటికి, ఇసుక లోపటికి రాకుంట, గిట్లనే ఎత్తు గడప ఉండెనట. ఈమె అప్పుడు ఏడేండ్ల పిల్ల. పొద్దంత గడప మీద కూసోని నాయిన పడవ ఎప్పుడొస్తదా అని చూసేదట. ఇదంత ఆమె చెప్పుకుంట చెప్పుకుంట, "నన్ను దీని మీద కూసోవెట్టు గజేందర్" అన్నది. నేనొక రెక్క, పనిచేసే వహీదా ఒక రెక్క పట్టుకున్నం. పోశన్నకు అప్పుడన్న భయం ఉండాలె గద? యాడిది! రంపం పారేసి, "అయ్యో, గడప మీద కూసోవద్దమ్మా, ఇంటికి మంచిది గాదు!" అని మన తెలుగుల ఒక్క కేక వెట్టిండు. ఆమె నా దిక్కు చూసింది, ఏమంటుండు అని. ఇగ నేను ఏం చెప్పాలె? ఖతరీ ముసలమ్మకు, ఆమె సొంతింటి ముందట, మీరు కూసుంటె అరిష్టమంటుండని చెప్పాల్నా? "చెక్క గట్టిగున్నదట మామా, దిండు తెస్త అంటుండు" అన్న. "మంచి పిలగాడు" అన్నది. నలభై ఆరేండ్ల పిలగాడు! దిండు తెచ్చి నేనే వేసిన.

కూసున్నది. కుడి చెయ్యి దర్వాజ కాలుకు ఆనిచ్చి, బాజాప్త ఇంటిమాలకురాలి తీరు. జుమా నమాజ్ అయ్యి బాబా వచ్చిండు, ఎన్కకు పదిమంది చుట్టాలు, కాళ్ళదాక తెల్ల తోబులు, అత్తరు వాసనలు. అమ్మ గడప మీద కూసోని ఉంటె ఎవ్వడు దాటుతడు? ఒక్కడు దాటలె. పదకొండు మంది ఎండల నిలవడ్డరు. లోపట బిర్యానీ సల్లారుతుంది. బాబా జెర గట్టిగనే అడిగిండు, ఇది ఎవ్వలు పెట్టిన్రని. కమాలుద్దీన్ వేలు పోశన్న దిక్కు ఎంత తొందరగ లేసిందో! మామా కబీర, "ఖల్లీ!" అన్నది. ఉండనియ్యి అని. "ఇది తీస్తె నేను ఇంట్ల అడుగువెట్ట" అన్నది. అయిపాయె. ఇగ బాబా, మరి కుర్చీ ఎట్ల అని అడిగిండు. పోశన్న అప్పుడు లేసిండు బిడ్డా. ముక్కు తుడుసుకోని, మిగిలిన టేకు తీసి, పొద్దువాలినంక అసర్ నమాజ్ అయ్యేవరకు రెండు వాలుచెక్కలు చేసిండు, లోపటొకటి, బయటొకటి. కావాల్నంటె వెయ్యాలె, లేకపోతె తియ్యాలె. కుర్చీ ఎక్కుడు, దిగుడు. దిగినప్పుడల్ల మామా కబీర చిన్నపిల్ల తీరుగ నవ్వుడు. ఒక్కొక్కనాడు పనేం లేకున్నా, "యల్లా గజేందర్, అటు దాటియ్యి, ఇటు దాటియ్యి" అంటుండె. నా రెక్కలు వోయినయ్ గని, మస్తు సంబురముండె.

పోశన్నను ఆమె మళ్ళ షట్టరింగ్‌కు పోనియ్యలె. మంచమన్నది, బట్టల పెట్టె అన్నది, మనుమరాలు ఫర్హా పెండ్లికి అద్దం అన్నది. మూడేండ్లు చేసిండు. ఇగ ఇంటికి పోయే దినం సెలవు తీసుకుంటానికి వస్తె, ఆమె గీ దర్వాజ తానే కూసోని ఉండె. "పోశన్, లోపటికి రా" అన్నది. ఈయన ఎప్పటి లెక్క ఇంటెన్కకు మర్రిండు. "ఎటు పోతున్నవ్?" "కిచెన్ దిక్కుకు మామా. మేం అటే వస్తం." ఆమెకు ఇన్నేండ్లల్ల ఆ సోయి లేదు. "వల్లా? నిజమేనా? చేసినోడు ఒక్కపారి గూడ దాటలేదా?" అన్నది. దాటలె. బిగించినప్పటిది పని లెక్క, మూడేండ్లు ఎన్కకెల్లి వచ్చుడు, ఎన్కకెల్లి పోవుడు. చెప్పులిడిసిండు. వంగి గడపను ముట్టి చెయ్యి కండ్లకద్దుకున్నడు. దాటిండు. లోపట గంత పెద్ద దీపాల ఝూమర్ ఏలాడుతుంది, ఇరానీ తివాచి ఉన్నది, అటు చూడనేలే. ఎన్కకు తిరిగి తలుపు లోపటి దిక్కు చూసిండు. చెయ్యి పెట్టి తడిమిండు. తడిమి, "అన్నా, ఈ మూలకు చిత్రిక ఇంకొకపారి పట్టాల్సుండె" అన్నడు! అవతల నాలుగింటికి విమానం. సంచి ఇప్పిండు, చిత్రిక తీసిండు, కూసోని అర్ధగంట పట్టిండు. మామా కబీర నవ్వుతుంది, నేను గడియారం చూసుకుంట తిడుతున్న. ఎయిర్‌పోర్ట్ తాన దిగేటప్పుడు, "నిలవడ్డదన్నా" అన్నడు. నేను ఏడ్చిన బిడ్డా, దాసుడెందుకు. సంతోషానికే ఏడ్చిన.

అగో, బాబా బండి. లే, లే, ఆ కాయితాలు తీస్కో. యాడికి, ఎన్కకు పోతవేంది? నువ్వు ముందటికెల్లే పోవాలె. కట్టెపని చేసేటోల్లు ఎవ్వలొచ్చినా ఈ దర్వాజలకెల్లే రావాలె అని మామా కబీర ఆనాడే హుకుం వేసింది. ఆమె పోయినా బాబా తప్పడు. పో, భయమేం లేదు, దాటు. నేనా? నేను డ్రైవర్‌ను గద బిడ్డా. మామా కబీర కుర్చీ నూక్కుంట దాటుడే గని, ముప్పై ఒకటో ఏడు నడుస్తున్నా నేనొక్కన్నయితె ఇంక కిచెన్ దిక్కుకెల్లే. ఏం చేస్తం, ఉలి పట్టుడు నేర్వకపోతి.