ఏడులో సగం

హలో… ఆ, నేనేరా బామ్మర్దీ, మీ బావని. మా చిన్నోడు నా కొంప ముంచాడు!

…ఇంకెవడు, నా తమ్ముడే. మన ఎంబ్రాయిడరీ మిషను కంప్యూటర్లో తప్పులు పట్టే డీబగ్గర్ మార్చేశాడు. పాతది ముసలిదైపోయిందట. నేనూ ముసలాణ్ణే, రేపు నన్నూ మారుస్తాడేమో!

…అదే చెబుతున్నా. నువ్వు రాసిచ్చిన స్క్రిప్టు లేదూ? మిషను మొరాయిస్తే దాన్ని డీబగ్గర్లో నడిపి, సూది ఎక్కడుండాలో చూసి సరిచేసేవాణ్ణి. ఇవాళా అదే చేశా. క్లబ్బువాళ్ల చొక్కా మీద గుర్రానికి నాలుగో కాలు మెడలోంచి వచ్చింది!

…నవ్వకు. మధ్యాహ్నానికి వచ్చేస్తారు వాళ్లు. ఈ ఆర్డరు పోతే షాపు మూసుకోవాలి. మీ అక్క నన్ను బతకనిస్తుందా?

…స్క్రీను మీదా? ఉండు, కళ్లజోడు… ఆ. సూది చోటు మూడున్నర అంటోంది. మొన్నటిదాకా మూడనేది.

…ఏంటీ? డీబగ్గర్‌తోపాటు దాని లోపలి పైథాన్ అనే కంప్యూటర్ భాష కూడా మారిందా? ఏడుని రెండుతో భాగిస్తే పాతదానికి మూడు, కొత్తదానికి మూడున్నరా? ఒరే, ఐదో క్లాసులో బడి మానేసినవాణ్ణి, నాకే మూడున్నర వస్తుంది కదరా!

…సరేలే, గుర్రానికి మూడే కావాలి. ఏం చెయ్యమంటావో చెప్పు… భాగహారం గీత… ఆ, దొరికింది. పక్కనే ఇంకో గీతా? అంతేనా? ఇక పాతదీ కొత్తదీ రెండూ మూడే అంటాయా?

…నొక్కా… కుడుతోంది… కుడుతోంది… ఒరేయ్, నిలబడింది! నాలుగు కాళ్లూ నేలమీదే!

…ఉండు, పెట్టెయ్యకు. ఇంతకీ ఆ అర ఏమైనట్టు?

…పారేస్తుందా? పాత వెర్షన్ ఇన్నాళ్లూ చెప్పాపెట్టకుండా పారేసిందా?

…ఏం లేదు, ఊరికే అడుగుతున్నా. మా అన్నదమ్ముల పొలం పంపకానికి లెక్క వేసిందెవరు? …నువ్వే. దేంతో? …ఏ వెర్షన్‌తో?

…పాతదాంతోనా!

…ఏడెకరాలు. రెండుతో భాగించి నాకు మూడు రాశావు. మిగిలిందంతా చిన్నోడికన్నావు. వాడి వైపు రాళ్లభూమికి సర్దుబాటేమో అనుకున్నా! "కంప్యూటర్ తప్పు చెప్పదు బావా" అంటే సంతకం పెట్టా—

…రిజిస్ట్రేషన్ అయిపోయిందని నాకూ తెలుసు! దానికీ ఓ గీత పెట్టమంటావా?

…నవ్వుతున్నావా? …అర ఎకరంరా! నీ వెర్షన్ తగలెయ్య, అర ఎకరం… హలో? …హలో?