ఇద్దరూ గొణిగితేనే

మూడింటికి సరుకు కొనేవాళ్ళు వస్తారు. రెండున్నరకే వైన్ కార్ఖానా గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీలు నిండిపోయాయి. టీ తాగాలని ఎవరికీ లేదు, అయినా అందరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి. ఏడాది పంట చాలావరకు లోపల ఒకే పెద్ద తొట్టెలో కలిసి ఉంది. వచ్చేవాళ్ళు ఒక గుక్క తాగి సరేనంటే సీసాలు నింపే పని చేతినిండా ఉంటుంది. వద్దన్నారంటే కార్ఖానాలో పనిచేసే ఈ నలభై మందీ వచ్చే పంటదాకా ఇంట్లో కూర్చోవాలి.

ఆ తొట్టెలో వైన్ రుచి చూసి కుదిరిందో లేదో చెప్పేవాళ్ళు ఇద్దరే. ఒకడు నాలుకయ్య, రెండోవాడు అతని బావమరిది. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయి, నాలుకయ్యకి నాలుకే పేరైపోయింది. పీపాలు బిగించే వడ్రంగి ఉండబట్టలేక అడిగాడు.

"కలపడం కుదిరిందా బాబాయ్?"

కుదిరింది అనో లేదు అనో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నాలుకయ్య గేటు మీది గడియారం వైపు ఒకసారి చూసి, బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కుదరడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ నాలుక సంగతి వినండి. నేను పనిలో చేరిన కొత్తలో, ఈ కార్ఖానా పెట్టిన అమ్మగారు ఒక గ్లాసిచ్చి ఎలా ఉందన్నారు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, అమ్మా, ఈ పీపాని పడమటి గోడ పక్కనుంచి తీయించండి, మధ్యాహ్నం ఎండ తగులుతోంది అన్నాను. వెళ్ళి చూస్తే నిజంగానే గోడ కాలిపోతోంది. అప్పటికి నా వయసెంతో తెలుసా? మీసం కూడా సరిగ్గా రాలేదు."

అంతవరకు నిజమే కావచ్చునని వడ్రంగి తలూపాడు. అలా తలూపడంతోనే నాలుకయ్యకి హుషారొచ్చింది.

"ఆ తర్వాత ఇదిగో, మా ఆవిడ తమ్ముడు వచ్చాడు. నాకేమో వైన్ అంటే ముదురుగా ఉండాలి, గుటక వేస్తే గొంతులోంచి ఎవరో నడిచి వెళ్తున్నట్టుండాలి. వీడికేమో నాజూకుగా ఉండాలి, వచ్చిందో లేదో తెలియకూడదు. నేను చప్పగా ఉందంటే వీడు మొద్దుగా ఉందంటాడు. పగలంతా ఇక్కడ పోట్లాడుకుని, భోజనాల దగ్గర మళ్ళీ అదే మొదలు. మా ఆవిడ మా ఇద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చునేది. అది చూసే అమ్మగారు ఒక పద్ధతి పెట్టారు. ఇద్దరూ బాగుందన్న వైన్ నాకొద్దు, ఇద్దరూ ఒకే పాటిగా గొణిగేదాకా కలపండి, అప్పుడే సీసాలకెక్కించండి అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ కార్ఖానా నడుస్తున్నది మా గొణుగుడు మీద."

ఇదీ అందరికీ తెలిసిన నిజమే. బెంచీ చివర కూర్చున్న బావమరిది మాత్రం తల ఎత్తలేదు. చేతిలో గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

"వీడి నాజూకు ఎంతదాకా వెళ్ళిందో చెప్పనా? ఒకరోజు నేను గ్లాసులో ఏమీ పొయ్యకుండా ముందు పెట్టాను. ఎత్తి తాగాడు, కళ్ళు మూసుకున్నాడు, కాసేపాగి 'ఇన్నాళ్ళకి కుదిరింది బావా' అన్నాడు. ఖాళీ గ్లాసు తాగి మెచ్చుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా?"

జనం నవ్వారు గాని, నవ్వుతూనే గడియారం వంక చూశారు. రెండూ నలభై. టీ కొట్టు అక్క నాలుకయ్యకి గ్లాసు మార్చి వేడి టీ పెడుతూ, అది సరేలే అన్నయ్యా, ఇప్పుడు తొట్టెలో ఉన్నది ఎలా ఉందో చెప్పు, నా కొట్టు కూడా దాని మీదే నడవాలి కదా అంది. నాలుకయ్య ఆ మాట విననట్టే టీ గడగడా తాగేశాడు. వాసన చూడకుండా మంచినీళ్ళు కూడా తాగని మనిషి అలా తాగడం వడ్రంగికి వింతగా తోచింది. అడిగేలోపే అతను కథ మళ్ళీ అందుకున్నాడు.

"నా ముదురు వైన్ సంగతి వినండి మరి. ఒక ఏడు వానలు లేక పండు ఇంతింత చిన్నదైంది. ఆ రసం పీపాలో పోస్తే చిక్కబడి చిక్కబడి, చెంచా వేస్తే నిలబడింది. గ్లాసులో పోసి బల్ల మీద పెడితే బల్ల కాలు నేలలోకి దిగింది. గ్లాసెత్తడానికి నలుగురు పట్టారు, అందులో ఒకడు ఇదిగో ఈ వడ్రంగి వాళ్ళ నాన్న."

"మా నాన్న ఎప్పుడూ చెప్పలేదే," అన్నాడు వడ్రంగి.

"నడుం పట్టేసింది, సిగ్గుపడి చెప్పి ఉండడు. నేనొక్కణ్ణే గుటక వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు రోజులు నేను మాట్లాడితే వీధి చివర కిటికీ తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. నాలుగో రోజు నాలుకకి ఇంకో విద్య పట్టుబడింది. గ్లాసు తాకకుండానే, ఇంట్లో మంచం మీద పడుకుని, ఏ పీపాకి బిరడా వదులైందో చెప్పేసేవాణ్ణి. ఏ గుత్తిని కోసినప్పుడు కోసే మనిషి మొగుడితో పోట్లాడి వచ్చిందో, పోట్లాటలో తప్పెవరిదో కూడా చెప్పేవాణ్ణి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గేటు లోపల బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తున్నారు, కడిగిన గ్లాసులు వరసగా పెడుతున్నారు. నాలుకయ్య గొంతు పెరిగింది. చేతిలో ఖాళీ గ్లాసుని అదే పనిగా తిప్పుతున్నాడు.

"అంతెందుకు, ఒక ద్రాక్ష గింజ నాలుక మీద పెట్టుకుని, ఈ గింజ మొలిచి, తీగై, దాని గింజకి మనవడు పుట్టి, వాడు కాసిన పండుతో తీసిన వైన్ ఎలా ఉంటుందో చెప్పాను. అమ్మగారు కాగితం మీద రాయించి పెట్టుకున్నారు. ఇంకా పుట్టని వైన్‌కే రుచి చెప్పినవాణ్ణి, తొట్టెలో ఉన్నదానికి చెప్పలేనా? దాని గురించి మీకెందుకు బెంగ?"

"అయితే చెప్పు బావా."

బావమరిది అంత మెల్లగా అన్నా అందరికీ వినబడింది.

"పొద్దున నమూనా తాగి నువ్వేమన్నావో వీళ్ళకి చెప్పు."

"బాగుందన్నాను. నాజూకుగా ఉందన్నాను. ఒప్పుకోవడం కూడా తప్పేనా?"

"నమూనా గ్లాసు నా చేతిలోనే ఉంది. నువ్వు పక్కదెత్తావు. అది పీపా కడిగిన నీళ్ళు బావా, పారబొయ్యడానికి పెట్టుకున్నాను. ఆగమని నేననే లోపే నువ్వు తాగేసి, కుదిరింది అని బయటికి వచ్చేశావు."

నాలుకయ్య గ్లాసు తిప్పడం ఆపాడు.

బావమరిది నేల వంక చూస్తూనే మిగతాది చెప్పాడు. తొమ్మిది రోజులుగా బావ ఒక్కసారి కూడా చప్పగా ఉందనలేదట. ఏది పోసినా సరే అన్నాడట. జ్వరం తగ్గి కొత్తగా పనిలోకి వచ్చాడు కదా, ఓపిక లేక పోట్లాడ్డంలేదని తను అనుకున్నాడట. ఇన్నాళ్ళకి బావ తన దారికి వచ్చాడని లోలోపల సంతోషపడ్డాడు కూడా. తనకి నచ్చినట్టే కలుపుకుంటూ పోయాడు.

"తొట్టెలో ఉన్నదంతా నా ఒక్కడి నోటికే పనికొస్తుంది. ముదురు వైన్ ఉన్న పీపాలు ఆరూ మూత తియ్యకుండా పక్కనే ఉన్నాయి. పొద్దుట్నించీ నీకు చెబుదామని కూర్చున్నా, నువ్వు మాట్లాడ్డం ఆపితేగా."

మూడు కావడానికి పదకొండు నిమిషాలుంది. నాలుకయ్య చేతిలో గ్లాసు అడుగున నాలుగు చుక్కల టీ మిగిలి ఉంటే ఎత్తి నాలుక మీద వేసుకున్నాడు, చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. తర్వాత టీ కొట్టు వైపు తిరిగాడు.

"ఇందులో పంచదార వేశావా అమ్మా?"

ఆ కొట్టు పెట్టినప్పటినుంచీ అతను తెలియక అడిగిన మొదటి ప్రశ్న అదే.

"రెండు చెంచాలు వేశానన్నయ్యా," అంది ఆవిడ.

అతను గ్లాసు బెంచీ మీద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, గేటు వైపు నడిచాడు. బావమరిది గబగబా వెనకాలే వెళ్ళి, అమ్మగారికి ఏమని చెబుతావు బావా అని అడిగాడు.

"ఉన్నదే చెబుతాను. నా నాలుకకి రుచి తెలియడంలేదు, ఈసారి ఇద్దరిలో ఎవరూ గొణగలేదు, ఆ ముదురు పీపాలు కలపాలి, బేరం రేపటికి పెట్టుకోండి అంటాను," అన్నాడు నాలుకయ్య. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఆ ఖాళీ గ్లాసు కథ అబద్ధంరా. నువ్వెప్పుడూ అలా తాగలేదు."

"తెలుసు బావా," అన్నాడు బావమరిది. "పద, గడియారం ఆగదు."